బ్రిడ్జి కట్టించుకునే ముందు పక్క పళ్ళని చూసుకోండి

కింది దవడ పన్ను ఒకటి తీసేశారు, బ్రిడ్జి వేస్తామంటున్నారు, బాగా నొప్పి పెడుతుందా అని కదా మీ ప్రశ్న. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. ఆ భయం వదిలేయండి. భయపడాల్సింది వేరే ఉంది.

నాకు సంక్రాంతి రోజుల్లో సకినం కొరికితే దవడ పన్ను నిలువునా చీలింది. (ఆ సకినాలు మా అత్తగారు చేసినవి. అందుకని మా ఇంట్లో ఈ కథ సగమే చెప్తాను.) పన్ను పీకేశారు. పుండు మానాక బ్రిడ్జి అన్నారు. అటూ ఇటూ ఉన్న పళ్ళు రెండూ రాయిలా ఉన్నాయి, ఒక్క పుచ్చు లేదు. "వాటిని కొంచెం అరగదీసి క్యాపులు వేస్తాం, మధ్యలో పన్ను వాటికే అతుక్కుని ఉంటుంది" అన్నారు. కొంచెమట! ముప్పావుగంట గీశారు. నోట్లో నీళ్ళు, గోరు కాలినట్టు వాసన, పక్కన గొట్టం గరగరా పీలుస్తోంది. అయ్యాక నాలుక పెట్టి చూస్తే పళ్ళున్న చోట రెండు గూటాలు తగిలాయి. అద్దం అడిగి చూసుకున్నాను. నలభై ఏళ్ళు నమిలిపెట్టిన పళ్ళండీ అవి, చెక్కిన పెన్సిలు ముక్కల్లా నిలబడ్డాయి. పోయిన పన్ను కోసం ఏడవలేదు గానీ వాటిని చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఎనామెల్, అంటే పంటి మీది గట్టి పొర, ఒకసారి పోతే మళ్ళీ పుట్టదు. చన్నీళ్ళు తాగితే జివ్వుమంటోందని వెనక పన్నుకి నెల తిరక్కుండా రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసేసి నింపడం) కూడా అయింది.

క్యాపులకి పదేళ్ళ వారంటీ కార్డు ఇచ్చారు. కార్డుని జాగ్రత్తగా చదవండి, వారంటీ క్యాపుకి, లోపలి పన్నుకి కాదు. ఇక ఆరోగ్య బీమా అంటారా, యాక్సిడెంటులో పళ్ళు రాలితే తప్ప చాలా పాలసీలు పంటి ఖర్చు వైపు చూడవు. పన్నేమన్నా ఒంట్లో భాగం కాదా?

నాలుగేళ్ళకి నోరు వాసనొస్తోందని మా ఆవిడ అంది. రూట్ కెనాల్ అయిన పన్ను కదా, లోపల పుచ్చిపోతున్నా నొప్పి తెలియలేదు. బ్రిడ్జి కోసి తీస్తే వెనక గూటం చేతికొచ్చేసింది. రెండెడ్లతో మూడెడ్ల బరువు లాగించినట్టే కదా!

అలాగని బ్రిడ్జి చెడ్డదనను. మా అమ్మకి పోయిన పన్నుకి రెండు పక్కలా ముందే రూట్ కెనాల్ చేసి క్యాపులున్నాయి. వాటినే తీసి బ్రిడ్జి చేశారు, పన్నెండేళ్ళుగా బెల్లం పాకం జంతికలు కూడా తింటోంది. మీ పక్క పళ్ళు అలాంటివైతే కళ్ళు మూసుకుని వేయించుకోండి. గట్టివైతే మాత్రం ముందు ఇంప్లాంట్ కుదురుతుందా అని అడగండి. ఎముకలో టైటానియం మర దిగి అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, డబ్బూ ఎక్కువే, షుగరు అదుపులో ఉండాలి. కానీ పక్క పళ్ళ జోలికి పోరు. ఖాళీగా ఏళ్ళ తరబడి వదిలేయడమూ తప్పే, పై పన్ను కిందికి జారుతుంది, పక్కవి వాలిపోతాయి.

బ్రిడ్జే ఖాయమైతే, దాని కింద దూర్చి శుభ్రం చేసే సన్న బ్రష్ ఒకటి దొరుకుతుంది, సీసాలు కడిగే బ్రష్‌కి పిల్లలా ఉంటుంది. నాకు ఎవరూ చెప్పలేదు. బిల్లు కట్టే రోజే అడిగి తెచ్చుకోండి, రోజూ రాత్రి తోముకోండి.