అపార్ట్‌మెంట్ ఖాళీ జాగాలో తేనెటీగలకు చోటు: కాగితం మీద ఏం రాసుకోవాలి?

వైట్‌ఫీల్డ్ అవతల మీ లేఅవుట్‌లో హైటెన్షన్ లైన్ కింద జాగా ఉంది, దాన్ని తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ వదిలేద్దామంటే అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు, అమెరికాలో కరెంటు కంపెనీలు చేసుకునే స్వచ్ఛంద ఒప్పందం లాంటిది ఇక్కడ కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. బెంగళూరులోనే మా అపార్ట్‌మెంట్‌లో అలాంటిది నడుస్తోంది. కాకపోతే అది మాలో మేం రాసుకున్న రెండు పేజీల కాగితం, అంతే.

అమెరికా ఒప్పందం మోనార్క్ సీతాకోకచిలుక కోసం. అక్కడి ప్రభుత్వ వన్యప్రాణి సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 2020 ఏప్రిల్‌లో ఆమోదించింది, చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నడుపుతోంది. కరెంటు లైన్లు, పైపులైన్లు, హైవేల వెంబడి భూములున్న సంస్థలు ఇష్టమైతే చేరతాయి. గడ్డి కోసే కాలం మార్చుకుంటాం, కలుపు మందు అవసరమైన చోటే కొడతాం, పూల విత్తనాలు చల్లుతాం అని మాటిస్తాయి. బదులుగా ప్రభుత్వం హామీ ఇస్తుంది: రేపు ఆ జాతిని రక్షిత జాబితాలో చేర్చినా, ఒప్పుకున్నదానికి మించి కొత్త షరతులు పెట్టం అని. అలా చేర్చాలన్న ప్రతిపాదన 2024 డిసెంబరులో వచ్చింది కూడా. నన్నడిగితే ఒప్పందానికి ప్రాణం ఆ హామీయే. ఇవాళ వదిలేస్తే రేపు ముట్టుకోనివ్వరేమో అన్న భయం భూమి ఉన్న ప్రతివాళ్లకీ ఉంటుంది.

మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది కమ్యూనిటీ రిజర్వు, అంటే స్థానికులు తమ భూమిని వన్యప్రాణుల కోసం ఇష్టపడి ఇస్తే ప్రభుత్వం ప్రకటించే రక్షిత ప్రాంతం. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో వచ్చింది. మండ్య జిల్లాలో కొంగలు, గూడబాతులు చేరే కొక్కరెబెళ్లూరు అలాంటిదే. కానీ ఒకసారి ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి రెండూ కావాలి. ఈ మాట మీ మీటింగ్‌లో ఎత్తకండి, ఇక ఎవరూ కూర్చోరు.

పాములొస్తాయి, దోమలొస్తాయి, అసహ్యంగా ఉంటుంది అని అందరూ అనేవే మా వాళ్లూ అన్నారు. నడిచే దారి పక్కన మీటరు వెడల్పున ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచితే సగం గొడవ సర్దుకుంది. అసలు తిరకాసు గార్డెనింగ్ కాంట్రాక్టులో ఉంది. నెలకి ఇన్నిసార్లు గడ్డి కొయ్యాలని పనుల షీటులో ఉంటుంది, టిక్కు పెడితేనే బిల్లు. మా మాలిది ముళబాగిలు వైపు. "వదిలేస్తే నేను పని చెయ్యలేదని సూపర్‌వైజర్ రాసుకుంటాడు సార్, జీతం కోస్తారు" అన్నాడు. అందుకే మొదటి షరతే అది: కోతలు తగ్గినా ఏజెన్సీ డబ్బు తగ్గదు, మిగిలిన టైములో వయ్యారిభామ, లాంటానా పీకాలి. (లాంటానా పూలకి సీతాకోకచిలుకలు వస్తాయి, నిజమే. కానీ వదిలితే ఇంక దేన్నీ బతకనివ్వదు.)

రెండోది, జాగా అంతా ఒకేసారి కొయ్యకూడదు. డిసెంబరులో విత్తనం రాలాక సగం, జనవరిలో మిగతా సగం. ఎండు గడ్డిని వేసవిదాకా ఉంచొద్దు, లైన్ కింద నిప్పంటుకుంటే మామూలు టెన్షన్ కాదు. మూడోది, పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఏ మందు కొడుతున్నారో పేరు, తేదీ రాసివ్వాలి. పూత మీదున్న మొక్కలకి ఇమిడాక్లోప్రిడ్ (తేనెటీగలకి విషమయ్యే పురుగుమందు) ససేమిరా వద్దు. చివరిది, మూడు నెలల నోటీసుతో అసోసియేషన్ ఎప్పుడైనా తప్పుకోవచ్చు. మా ట్రెజరర్‌గారు పెన్ను తీసింది ఈ వాక్యం చదివాకే.

మొక్కల కోసం నర్సరీకి పరిగెత్తక్కర్లేదు. తంగేడు, గిలిగిచ్చ, గడ్డి చామంతి, జిల్లేడు చాలు. మోనార్క్‌కి దగ్గర చుట్టం ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక మన దగ్గర జిల్లేడు ఆకు మీద గుడ్డు పెడుతుంది. జిల్లేడు పాలు కళ్లకి ప్రమాదం కాబట్టి పిల్లలాడే వైపు మాత్రం పెట్టొద్దు. కొంత నేల గడ్డి లేకుండా వట్టి మట్టిగా వదలండి. నీలి చారల తేనెటీగలు అందులోనే బొరియలు చేసుకుంటాయి. వంగ, టమాటా పూలని పట్టుకుని జుయ్యిమని వణికించి పుప్పొడి రాల్చేవి ఇవే. చీకటి పడే వేళ టార్చి పట్టుకుని చూడండి, మగవి ఎండు పుల్లని నోటితో కరిచి పట్టుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతుంటాయి. మా మీటింగ్‌లో స్లైడ్లకంటే ఈ ఫోటో ఎక్కువ పనిచేసింది.

మీది లైన్ కింద జాగా కాబట్టి ట్రాన్స్‌మిషన్ ఆఫీసుకి ఒక ఉత్తరం ఇవ్వండి. లైను కింద వాళ్లకంటూ కొంత వెడల్పు కారిడార్ ఉంటుంది, అందులో ఎత్తు చెట్లు ఎలాగూ పెంచనివ్వరు. పొదలు, పూల మొక్కలైతే వాళ్లకి అడ్డు రావు. దానికంటే ముందు మీ గార్డెనింగ్ కాంట్రాక్టు రెన్యువల్ ఏ నెలలోనో కనుక్కోండి. అప్పుడైతే షీటు మార్చడం తేలిక, మధ్యలో అడిగితే రేటు పెంచమంటారు.