కార్డులో పది లక్షలు, చేతిలో పదివేలూ లేవు

ప్రశ్న: మాది కరీంనగర్. ఎలక్ట్రికల్ షాపు మీద నెలకు 35 వేల దాకా మిగులుతుంది. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు కదా అని, ఏటా 19 వేలు కట్టే హెల్త్ పాలసీని నిరుడు రెన్యువల్ చేయలేదు. మొన్న నా భార్యకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే రాత్రికి రాత్రి దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఆరోగ్యశ్రీ లేదన్నారు. బిల్లు లక్షా 80 వేలు. 3 రూపాయల వడ్డీకి లక్షా 20 వేలు, లోన్ యాప్‌లో 60 వేలు తెచ్చి కట్టాను. యాప్‌లో ఇంకో లోన్ ఇస్తామంటున్నారు, తీసుకుని వడ్డీ బాకీ తీర్చేయనా? కార్డు ఉండగా మళ్లీ పాలసీ ఎందుకు? నాన్నకు 71 ఏళ్లు.

జవాబు: ఇంకో యాప్ లోనా? వద్దండి. పెనం మీంచి పొయ్యిలో పడతారు. 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, మీ బాకీకి నెలకు 3,600. పాలసీ మానేసి మిగుల్చుకున్న 19 వేలు ఆరో నెలకల్లా వడ్డీ కిందే పోతాయి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి రెండు అప్పులూ తీర్చేయండి.

2023 డిసెంబరులో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అప్పట్నుంచీ ఆ డబ్బు తమ ఖాతాలో ఉన్నంత ధీమాగా ఉంటున్నవాళ్లను చూస్తున్నాను. జాబితాలో ఉన్న చికిత్స, జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితేనే కార్డు పనిచేస్తుంది. గుండె ఆపరేషన్‌కో, డయాలసిస్‌కో అది నిజంగా ఇల్లు నిలబెడుతుంది, కాదనను. కానీ ఆసుపత్రికి వచ్చేది ప్రభుత్వం నిర్ణయించిన ప్యాకేజీ రేటు, అదీ ఆలస్యంగా. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో చాలా ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలే ఆపేశాయి. అయినా అర్ధరాత్రి జ్వరంతో ఉన్న మనిషిని ఆటోలో కూర్చోబెట్టుకుని జాబితా ఎవరు వెతుకుతారు?

అసలు నన్ను కంగారు పెట్టింది వేరే. మీ ఉత్తరంలో పొదుపు అన్న మాట ఒక్కచోటా లేదు. షాపులో సరుకుందిగా అంటారేమో, బిల్లు కౌంటర్లో వైరు కట్టలు తీసుకోరు. పాలసీ ఉన్నా అడ్వాన్సు, పాలసీ ఇవ్వని గ్లౌజులు, సిరంజిల ఖర్చు, షాపు మూసిన రోజుల నష్టం మీ జేబులోంచే. గల్లాలోంచి రోజుకు 300 తీసి పక్కన పెట్టండి, ఏడాదికి లక్ష దాటుతుంది. అక్కడ ఆగకుండా ఆరు నెలల ఇంటి ఖర్చు అయ్యేదాకా వేస్తూనే ఉండండి. చిట్టీ ఎత్తాక చూద్దాం అనొద్దు.

పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. మధ్యలో ఆపినందుకు మొదటి 30 రోజులు జబ్బులకు వర్తించదు. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే మూడేళ్ల దాకా ఆగాలి, వాటిని దాచకుండా రాయండి. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి, ఆ వయసువాళ్ల వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి, ఆదాయంతో పనిలేదు.

రోజూ తీసే ఆ 300 షాపు ఖాతాలో కలపకండి. వేరే బ్యాంకులో మీ ఇద్దరి పేరా ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు మీ భార్య దగ్గర ఉంచండి. ఈసారి మంచాన పడేది మీరే కావచ్చు.