మందు రాసుకోవాల్సింది ఇంటిల్లిపాదీ, ఒకే రాత్రి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వేళ్ల సందుల్లో తెగ గోక్కుంటుంటే చలికి చర్మం పొడిబారిందేమో అనుకున్నాను. వాడు వెళ్లిన నెలకు నాకూ, మావారికీ, పదేళ్ల పాపకూ దురదలు మొదలయ్యాయి. రాత్రయితే నిద్రే లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. మా అత్తగారికి మాత్రం ఏమీ లేదు. రోజూ రెండు పూటలా స్నానం చేసేవాళ్లం, మాకెందుకిలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది గజ్జి అనిపిస్తోంది. ఆ మాటకు సిగ్గుపడకండి, రెండు పూటలా స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. కంటికి ఆనని పురుగు ఒకటి చర్మం పైపొరను తొలుచుకుంటూ పోయి అక్కడే గుడ్లు పెడుతుంది, పక్కపక్కన పడుకుంటే ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. దురద ఆ పురుగు కుట్టడం వల్ల కాదు, దానికీ దాని మలానికీ మన ఒంట్లో పుట్టే ఎలర్జీ వల్ల. మొదటిసారి సోకినప్పుడు ఆ ఎలర్జీ పుట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీకు నెల తర్వాత మొదలైంది అందుకే. అత్తగారికి దురద లేదంటే పురుగు లేదని కాదు, ఆవిడా మందు వాడాల్సిందే.

షాపు క్రీములో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది, అది దురదను అణుస్తుందే గానీ పురుగును చంపదు, పైగా దద్దుర్ల రూపు మార్చేసి డాక్టరుకు గుర్తుపట్టడం కష్టం చేస్తుంది. ఆపేయండి.

ఒకసారి చర్మ డాక్టరుకు చూపించండి. గజ్జే అయితే సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాస్తారు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, దురద ఉన్నచోటే రాసి వదిలేస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, బొడ్డు, చంకలు, నడుము, మర్మాంగాలు, గోళ్ల కింద కూడా, ఎక్కడా వదలకుండా రాయాలి. పెద్దవాళ్లకు సుమారు 30 గ్రాములు పడుతుంది. రాత్రి పడుకునే ముందు రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడుక్కోండి, మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయండి. వారం తర్వాత ఇంకోసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, లేకపోతే ఇవాళ తగ్గినవాళ్లకు రేపు ఇంకొకరి నుంచి వస్తుంది. కొందరికి ఐవర్‌మెక్టిన్ మాత్రలూ ఇస్తారు, కానీ గర్భిణులకూ 15 కిలోలలోపు పిల్లలకూ ఇవ్వరు కాబట్టి సొంతంగా కొనొద్దు.

మర్నాడు పొద్దున దుప్పట్లు, తువ్వాళ్లు, కట్టి విడిచిన బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేనివి కవర్లో మూటకట్టి వారం పక్కన పెట్టండి, మనిషి ఒంటిమీద లేకపోతే పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. దిండ్లూ పరుపులూ పారేయనక్కర్లేదు.

ఇంకో మాట. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదని టెన్షన్ పడి రోజూ రాసేస్తే చర్మం మండిపోతుంది, కొబ్బరినూనె రాసుకోండి, దురదకు డాక్టరు మాత్ర ఇస్తారు. కొత్తగా పొక్కులు వస్తుంటే మాత్రం మళ్లీ చూపించండి. గోకి గోకి చీము పట్టినా, ముఖ్యంగా పాపకు ముఖం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ రోజే వెళ్లండి, ఆ చీము చేసే క్రిములు కిడ్నీలను కూడా దెబ్బతీయగలవు.

బాబు సంగతి మరిచిపోకండి. వార్డెన్‌కు మీరే ఫోన్ చేసి, ఆ గదిలో పిల్లలందరికీ ఒకే రోజు మందు రాయించమని అడగండి. లేకపోతే వేసవి సెలవులకు వాడు మళ్లీ ఇదే తెస్తాడు.