చిన్నీ, పొట్ట మీద చెయ్యి పెట్టకుండా జబ్బు పేరు రాయకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, కోనసీమలో లంక ఊళ్ళున్న పీహెచ్‌సీని నువ్వే కోరి తీసుకున్నావట. పీజీ కోచింగ్‌కి కట్టిన డబ్బు పోయిందని వాడి ఏడుపు వాడిది. నాకు ముందు గర్వం వచ్చింది, పడుకున్నాక భయం వచ్చింది, రెండింటిదాకా నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే నీలం టిక్కు పెట్టి ఊరుకుంటావు, అందుకే ఇలా ఒకేసారి రాస్తున్నాను. ముందు నాతో ఒక్క మాట చెప్పనందుకు విడిగా తిడతాను.

జూన్‌లో చేరతావట. అంటే కాలువలు వదిలే వేళకి. ఎండాకాలం కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన మురుగు, గుర్రపుడెక్క, జనం పారేసిన చెత్త, అన్నీ కొత్తనీటితో కలిసి మంచినీళ్ళ చెరువు దాకా వస్తాయి. ఆ పదిహేను రోజులూ, మళ్ళీ వరద తీశాక ఇంకో నెలా, నీ ఓపీలో సగం మంది చంకలో విరేచనాలవుతున్న పిల్లాడితోనే వస్తారు.

ఓఆర్ఎస్, జింక్ 14 రోజులు, తల్లిపాలు మాన్పించకపోవడం, ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు. జింక్ ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, పైబడితే 20. అంతే. ఒక్కటి మాత్రం చెయ్యి, ప్యాకెట్టు ఇచ్చి పంపెయ్యకుండా నీ ఎదురుగా కలపమను. లీటరు ప్యాకెట్టుని గ్లాసుడు నీళ్ళలో కలిపి పట్టించే తల్లులు నీకు వారానికి ఒక్కరైనా తగులుతారు, పిల్లాడి ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్ దాకా పోతుంది. ఇక మన కోనసీమ వాళ్ళకి కొబ్బరి నీళ్ళంటే అమృతం. మంచివే, కానీ వాటిలో సోడియం తక్కువ, నీళ్ళలా పోతున్న పిల్లాడికి అవొక్కటే చాలవు. ఉప్పేసిన మజ్జిగ, గంజి ఇవ్వమను. అట్టపెట్టెల్లో తియ్యటి నీళ్ళు ఓఆర్ఎస్ పేరుతో అమ్మేవాళ్ళు, హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని ఆర్డరు వచ్చింది. అయినా కిళ్ళీకొట్టు వాడికి ఆర్డరు తెలుస్తుందా ఏం?

ఇప్పుడు అసలు సంగతి. వచ్చిన తల్లి "మోషన్సండీ" అంటుంది. అది ఆవిడ మాట, నువ్వు చీటీ మీద రాయాల్సిన మాట కాదు. మామూలుగా ఎన్నిసార్లు వెళ్తాడో అడుగు. తల్లిపాలు తప్ప ఏమీ తాగని పసివాడు రోజుకి ఏడెనిమిదిసార్లు పసుప్పచ్చగా పల్చగా వెళ్తూ, పాలు తాగుతూ, బరువు పెరుగుతుంటే అది జబ్బే కాదు. పళ్ళొస్తున్నాయని నాయనమ్మ అంటుంది, వాదించకు, నమ్మకు. పళ్ళొచ్చే వయసులోనే నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, ఆవిడకి అది తట్టదు. ముందు వాంతులు, జ్వరం, మర్నాటి నుంచి నీళ్ళ విరేచనాలు అంటే చాలాసార్లు రోటా లాంటి వైరస్సే. మన రాష్ట్రంలో 2016 నుంచి ఆ టీకా 6, 10, 14 వారాలకి వేస్తున్నారు, కార్డు అడిగి చూడు.

ఉచ్చ ఎప్పుడు పోశాడో అడుగు. మా రోజుల్లో గుడ్డ చూస్తే తెలిసేది, ఇప్పుడు డైపర్లొచ్చి ఉచ్చేదో నీళ్ళ విరేచనమేదో తేలడం లేదు, విప్పి గుడ్డ కట్టమను. మాడు మీద ఆముదం ఉంటే తుడిచి మరీ తడిమి చూడు, గుంట పడిందేమో. బొడ్డుకీ డొక్కకీ మధ్య చర్మం పట్టి వదులు, సర్దుకోవడానికి రెండు సెకన్లు దాటి, పిల్లాడు తాగలేకపోవడమో మగతగా పడుండడమో కూడా ఉంటే ఇంక మాటలొద్దు, సెలైన్. బక్కపిల్లాడి చర్మం జబ్బు లేకపోయినా అలాగే ఉంటుంది, బొద్దుపిల్లాడి చర్మం జబ్బున్నా తెలియనివ్వదు, అందుకని నేను చెంచాని ఎక్కువ నమ్ముతాను. చెంచాతో నీళ్ళు పెడితే ఆబగా లాక్కుంటున్నాడా, తాగలేక వదిలేస్తున్నాడా? లాక్కునేవాడికి నీ దగ్గర టైముంది.

మలం పరీక్షకి ప్రతివాణ్ణీ పంపకు. నీళ్ళ విరేచనానికి అది చెప్పేదేమీ ఉండదు, పైగా ప్రతి రిపోర్టులోనూ అమీబా సిస్టులని రాసే ల్యాబులుంటాయి. బియ్యం కడుగులా ఆగకుండా పోతుంటే, ఇంట్లో పెద్దవాళ్ళకీ పోతుంటే, అది వేరే కథ, కలరా కావచ్చు, యాంటీబయాటిక్ వెయ్యకముందే శాంపిల్ తీసి పైవాళ్ళకి ఫోన్ చెయ్యి. రిపోర్టు కోసం వైద్యం మాత్రం ఆపకు. 1971లో బెంగాల్ శరణార్థి శిబిరంలో కలరా ముంచుకొచ్చి సెలైన్లు అయిపోతుంటే దిలీప్ మహలనబిస్ డ్రముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపించి తాగించాడు, బతికించాడు. నేను చదువుకునేటప్పుడు మా ప్రొఫెసరు ఈ కథ చెబుతూ బల్ల గుద్దేవాడు.

విరేచనంలో నెత్తురు పడితే షిగెల్లా అనే బ్యాక్టీరియా అనుకుని మందు మొదలుపెట్టమని నీ పుస్తకంలో ఉంటుంది. నిజమే, చాలాసార్లు అదే. ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా తెలియదు.

1986 ఆగస్టు, వరద తీస్తోంది. నాకు ఇరవయ్యారేళ్ళు. బడి వరండాలో క్యాంపు, నాలుగు రోజుల్లో మూడొందల మందిని చూశాను, అందరికీ వాంతులూ విరేచనాలే. ఐదో రోజు ఎనిమిది నెలల బొద్దు మగపిల్లాణ్ణి వాళ్ళ అమ్మమ్మ తెచ్చింది. "ఉండుండి కాళ్ళు ముడుచుకుని కేకపెడుతున్నాడమ్మా, మళ్ళీ కాసేపు ఏమీ లేనట్టు సొమ్మసిల్లి పడుంటున్నాడు" అంది. గుడ్డ చూపించింది, చెంచాడు ఉంటుంది, నేరేడు గుజ్జులా ఎర్రగా జిగటగా. నేను గుడ్డ చూశాను, పిల్లాణ్ణి చూడలేదు. జిగట విరేచనాలని రాసి, కో-ట్రైమాక్సజోల్ సిరప్పిచ్చి, తరవాతి వాళ్ళని రమ్మన్నాను. జ్వరం లేదు. కళ్ళు లోతుకు పోలేదు. చెంచాడు విరేచనానికి పిల్లాడు అంత వడిలిపోవడమేమిటని ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. వెనక నలభై మంది లైన్లో ఉన్నారు, ఆగలేదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ తెచ్చారు. వాంతి ఆకుపచ్చగా ఉంది, పొట్ట ఉబ్బింది. అప్పుడు పెట్టాను చెయ్యి. కుడి డొక్క కింద చక్కెరకేళి పండు పడుకోబెట్టినట్టు గట్టిగా తగిలింది. ఇంటససెప్షన్. చొక్కా చెయ్యి లోపలికి మడత పడ్డట్టు పేగులోకి పేగు దూరిపోవడం. పరీక్షలో రాస్తే పది మార్కులొచ్చిన ప్రశ్న. ఆ రాత్రి వరదకి పంటు, అదే ఏరు దాటించే పెద్ద పడవ, తిరగలేదు. రేవులో లాంతరు పట్టుకుని తెల్లార్లూ కూర్చున్నాం, ఆ అమ్మమ్మా నేనూ. పిల్లాడి కేకలు కూడా ఆగిపోయాయి, అదే నాకు ఎక్కువ భయమేసింది. తెల్లారాక జాలర్లు నాటుపడవలో దాటించారు. ఆపరేషన్‌లో చచ్చిపోయిన పేగు ముక్క కోసేసి కుట్టారు. బతికాడు.

కార్తీకమాసంలో ఆ అమ్మమ్మ కొబ్బరికాయల గెల మోసుకొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నువ్వే లేకపోతే, అంది. ముందురోజే పొట్ట మీద చెయ్యి పెట్టి ఉంటే పేగు కొయ్యాల్సిన పనే ఉండేది కాదేమో, ఆ మాట నా నోట్లోంచి రాలేదే చిన్నీ. గెల తీసుకున్నాను. పచ్చడి కూడా చేసుకున్నాం.

అందుకే వేధిస్తున్నాను. రెండేళ్ళ లోపు పిల్లాడు, విడతలు విడతలుగా ఏడుపు, మధ్యలో సొమ్మసిల్లడం, విరేచనం కొంచెమే, జబ్బు మాత్రం పెద్దది, ఇవి ఉంటే నెత్తురు పడేదాకా చూడకు, అల్ట్రాసౌండ్ ఉన్నచోటికి పంపెయ్. నీ అనుమానం తప్పయితే ఎవరో నవ్వుతారు, నవ్వనీ. వాంతులే ఉండి విరేచనం లేకపోయినా తొందరపడి పేరు పెట్టకు, ఉచ్చలో చీము, ఊపిరితిత్తుల్లో నిమ్ము, మెదడుజ్వరం కూడా వాంతితోనే మొదలవ్వచ్చు. గుడ్డలన్నీ విప్పించి తల నుంచి కాలిదాకా చూడు. చెయ్యి చల్లగా ఉంటే రుద్దుకుని మరీ పెట్టు, లేకపోతే పిల్లాడు బిగుసుకుంటాడు, ఏమీ తెలియదు.

నా పాత గడియారం పంపిస్తున్నాను, సెకన్ల ముల్లు బాగానే తిరుగుతుంది, ఫోన్ తీసి చూస్తూ కూర్చోకు. పూతరేకులు మీ అమ్మకివ్వకు, మొత్తం నువ్వే తిను, చిక్కిపోయావు. చేరిన రోజునే ఆ రేవులో పంటు రాత్రి ఎన్నింటిదాకా తిరుగుతుందో, ఆగిపోతే పడవ ఎవరిదో, వాడి ఫోన్ నంబరేమిటో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త