‘ఆలి’ ఉన్నచోట ‘ఎస్’ ఉండదు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. “ఐ రికమెండ్ దట్ ద వెండర్ సెండ్స్ ద రిపోర్ట్ బై ఫ్రైడే” అని నువ్వు రాస్తే, మీ అమెరికా మేనేజర్ ‘సెండ్స్’లో ఎస్ కొట్టేసి పంపిందన్నావు. హీ, షీ, ఇట్ వస్తే ఎస్ పెట్టాలని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదంతా తప్పా అని అడిగావు. అది తప్పు కాదు, ఆవిడ దిద్దిందీ తప్పు కాదు. ఆవిడ వాడినదాన్ని సబ్జంక్టివ్ అంటారు. సర్వీసంతా ఒకళ్ల డ్రాఫ్టులు దిద్దడంతోనే గడిపినవాణ్ని కాబట్టి నాకు పనికొచ్చిన దారిలోనే చెబుతాను. ఆ దారి తెలుగులోంచి వెళ్తుంది.

నీ వాక్యాన్ని తెలుగులో అనుకో. “వెండర్ శుక్రవారంలోగా రిపోర్టు పంపాలని నా సిఫార్సు.” ఇందులో ‘పంపాలి’ని చూడు. నేను పంపాలి, నువ్వు పంపాలి, ఆమె పంపాలి, వాళ్లు పంపాలి. పంపాడు, పంపింది, పంపారు అంటూ మనిషిని బట్టి తోక మార్చే మన క్రియ, ‘ఆలి’ దగ్గరికొచ్చేసరికి కదలదు. నిన్న అడిగినా ‘పంపాలన్నాడు’, రేపు అడిగినా ‘పంపాలంటాడు’. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరుగుతోంది. జరుగుతున్న సంగతి చెబితే సెండ్స్, జరిగిపోయింది చెబితే సెంట్. జరగాలని కోరితే ఒట్టి సెండ్. ఇంకా జరగని పని కదా, దానికి కాలమూ లేదు, ఎస్సూ లేదు.

సజెస్ట్, రికమెండ్, ఇన్సిస్ట్, డిమాండ్, ప్రపోజ్, రిక్వెస్ట్ లాంటి మాటల తర్వాత ‘దట్’ వచ్చి, నీ మనసులో ‘ఆలి’ మెదిలితే చేయి ఆపుకో. ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్’, ‘ఇంపార్టెంట్ దట్’ కూడా ఈ కోవలోవే. ఈజ్, ఆర్, వాజ్ రావాల్సిన చోట ‘బి’ పెట్టు: “ఐ సజెస్ట్ దట్ ద టికెట్ బి క్లోజ్డ్.” వద్దని చెప్పాలంటే క్రియ ముందు ‘నాట్’ చాలు: “ద డాక్టర్ ఇన్సిస్టెడ్ దట్ షీ నాట్ ట్రావెల్.” అక్కడ డజ్, డిడ్ ఏవీ పెట్టకు. మొదట్లో ఏదో మాట మింగేసినట్టు ఉంటుంది, నాలుగు మెయిళ్లు రాస్తే అలవాటవుతుంది.

ఇన్సిస్ట్ దగ్గర మాత్రం జాగ్రత్త. “హీ ఇన్సిస్ట్స్ దట్ షీ ఈజ్ ఇన్ ద మీటింగ్” అంటే ఆమె మీటింగులోనే ఉందని వాదిస్తున్నాడని. ‘ఈజ్’ తీసి ‘బి’ పెడితే, ఆమె మీటింగులో ఉండాల్సిందేనని పట్టుబడుతున్నాడని. ‘ఉందని’కీ ‘ఉండాలని’కీ ఉన్న తేడాను ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే మోస్తోంది. సజెస్ట్ కూడా ఇలాంటిదే. లాగ్స్ చూస్తే సర్వర్ పడిపోయిందని తెలుస్తోంది అనే అర్థంలో ‘ద లాగ్స్ సజెస్ట్ దట్’ అని రాసేటప్పుడు నువ్వు ఎవరినీ ఏమీ కోరడం లేదు, కాబట్టి అక్కడ మామూలు క్రియే.

ఇంకో సంగతి. బ్రిటిష్ వాళ్లు ఇదే చోట ‘షుడ్ సెండ్’ అని హాయిగా రాసుకుంటారు. నువ్వు రాసిన ‘సెండ్స్’ను కూడా వాళ్లలో చాలామంది తప్పు పట్టరు. మన ఆఫీసు ఫైళ్లలోనేమో ‘మే’దే రాజ్యం: “ద ప్రపోజల్ మే బి అప్రూవ్డ్”, దానికి తోడు ఒక ‘కైండ్లీ’. ఫైలుకు అది అందంగానే ఉంటుంది గానీ, అమెరికా వాళ్లకు పంపే మెయిల్లోకి దాన్ని మోసుకెళ్లకు. పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. వాళ్లకు రాసేటప్పుడు ఒట్టి క్రియే వాడు.

దీవెనలు, ప్రార్థనల్లో వచ్చే సబ్జంక్టివ్‌తో నీకు పెద్ద పనుండదు. కాన్వెంటులో రోజూ చదివిన ‘దై కింగ్‌డమ్ కమ్’ గుర్తుందా? తెలుగు బైబిల్లో అది “నీ రాజ్యము వచ్చుగాక”. ‘గాడ్ సేవ్ ద కింగ్’లో ఎస్ లేకపోవడానికీ కారణం ఇదే. ఎస్ పెడితే దేవుడు రాజును కాపాడుతున్నాడని వార్త చెప్పినట్టవుతుంది. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత సహా మన పార్లమెంటు చట్టాలు ‘బి ఇట్ ఎనాక్టెడ్’ అని మొదలయ్యేదీ ఈ పద్ధతిలోనే. ఇవన్నీ కట్టుబడిపోయిన మాటలు, ఉన్నవి ఉన్నట్టు వాడుకోవడమే.

అసలు తికమక ‘ఇఫ్’ దగ్గర. మనకు ‘ఉంటే’ ఒక్కటే కాబట్టి అక్కడ చూసి లాభం లేదు, వాక్యం చివర చూడు. “వాడు ఇంట్లో ఉంటే ఫోన్ ఎత్తుతాడు.” ఉన్నాడేమో, ఎవరికి తెలుసు? అందుకని ఇఫ్ హీ ఈజ్, హీ విల్. “వాడు ఇంట్లో ఉంటే ఫోన్ ఎత్తేవాడు.” అంటే ఇంట్లో లేడన్నమాట. అప్పుడు ఇఫ్ హీ వర్, హీ వుడ్. ఇదే లెక్కలో నిన్నటి సంగతి చూడు. “నిన్న ఆఫీసులో ఉంటే సంతకం పెట్టే ఉంటాడు” అంటే వచ్చాడో లేదో నీకు తెలియదు, అక్కడ శుభ్రంగా ‘వాజ్’ రాయి. “పెట్టి ఉండేవాడు” అంటే రాలేదని తెలిసే అంటున్నావు, అప్పుడు ‘హ్యాడ్ బీన్’. మనవాళ్లు ‘ఇఫ్ ఐ వుడ్ బి ఇన్ యువర్ ప్లేస్’ అంటుంటారు, అది మాత్రం వద్దు. ‘ఇఫ్ ఐ వర్ యు’ అను. మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు, రాతలో ‘వర్’ మేలు. తనే కంపెనీ ఓనరైనట్టు మాట్లాడేవాడి గురించి చెప్పాలన్నా ‘యాజ్ ఇఫ్ హీ వర్’.

మీ తమ్ముడు ఎంబీఏ సీటు కోసం జీమ్యాట్‌కి చదువుతున్నాడుగా, వాడికి ఈ బాధ చాలావరకు తప్పింది. 2023 నవంబరులో ఆ పరీక్షకు వచ్చిన కొత్త రూపం, ఫోకస్ ఎడిషన్‌లో తప్పు వాక్యాలు దిద్దే ‘సెంటెన్స్ కరెక్షన్’ ప్రశ్నలు తీసేశారు.

నా ‘ఆలి’ సూత్రం పారని చోట్లు కూడా ఉన్నాయి. “అతను రావాలని నాకుంది” అనుకుని ‘ఐ వాంట్ దట్ హీ షుడ్ కమ్’ అని రాసేవు! వాంట్‌కు దట్ పడదు, ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’ అనాలి. “రావాలని ఆశిస్తున్నా”లోనూ ఆలి ఉంది, కానీ హోప్ తర్వాత మామూలుగా ‘హీ కమ్స్’ అనే వస్తుంది. ఇక కొత్తగా ‘వర్’ నేర్చుకున్నవాళ్లు ‘ఇఫ్’ కనిపించిన చోటల్లా దాన్ని అతికిస్తారు. “రెడీగా ఉన్నావా అని అడిగాడు” అనే వాక్యంలో ఊహ ఏముంది, ఉత్త ప్రశ్న. ‘హీ ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వాజ్ రెడీ’ అని రాయి. ఈ వారం పంపిన మెయిళ్లలో రికమెండ్, రిక్వెస్ట్, ఇఫ్ ఉన్న వాక్యాలు ఏరి నాకు వాట్సాప్ చెయ్యి, దిద్ది పంపుతాను.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మామయ్య