కొత్త వూఫర్ బిగుసు ఎన్ని గంటలకు వదులుతుంది?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నాది సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్. సీటు కింద ఉండే 8 అంగుళాల వూఫర్ (బేస్ స్పీకర్) తీసేసి పోయిన నెల డిక్కీలో 12 అంగుళాల వూఫర్, దాన్ని నడిపే మోనో యాంప్ (ఒకే చానెల్ యాంప్లిఫయర్) వేయించాను. వూఫర్ 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), రెండు కాయిళ్లు, ఒక్కోటి 4 ఓమ్‌లు. సీల్డ్ బాక్సు. అన్నీ కలిపి 19 వేలు అయ్యాయి. తీరా చూస్తే పాతదానికంటే బేస్ తక్కువ. అడిగితే షాపాయన, ‘కొత్తది కదా, బిగుసుగా ఉంటుంది, ఓ 40 గంటలు వాయిస్తే అదే లూజవుతుంది’ అన్నారు. 40 గంటలు ఎప్పుడో దాటాయి. మా ఫ్రెండేమో బాక్సులోంచి తీసి, నేల మీద వెల్లకిలా పెట్టి, రాత్రంతా 20 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) వదలమంటున్నాడు. చేయమంటారా? – కె.ఎస్., నరసరావుపేట

జవాబు: ఆ టోన్ పని మాత్రం వద్దు బాబూ. అసలు మీ బేస్ రాకపోవడానికీ వూఫర్ కొత్తదనానికీ సంబంధం లేదు. నా అనుమానం వైరింగ్ మీద ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలో చెబుతాను. ముందు ఈ ‘బిగుసు’ మాట తేల్చుకుందాం. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం దీని గురించే.

నేను ఈ పని నేర్చుకున్నది కార్ల దగ్గర కాదు. 1994లో తెనాలిలో మైకుసెట్ల స్పీకర్లకు కోన్లు, అంటే ఊగి చప్పుడు చేసే గరాటు లాంటి భాగాలు, మార్చే షాపులో చేరాను. శ్రీరామనవమి పందిళ్లు విప్పిన మర్నాడు కాలిపోయిన స్పీకర్లు రిక్షాల్లో వచ్చేవి. పాత కోన్ కోసి తీసి, కొత్త కాయిల్ (కోన్‌ను ఊపే తీగ చుట్ట), కొత్త స్పైడర్ అంటించి, జిగురు ఆరేదాకా కాపలా కాయడం నా పని. స్పైడర్ అంటే కోన్ వెనకాల, కాయిల్ చుట్టూ గుండ్రంగా మడతలు మడతలుగా కనిపించే గుడ్డ. చాలావాటికి పసుపు రంగులో ఉంటుంది. ఆ గుడ్డను రెజిన్‌లో ముంచి, వేడి అచ్చులో నొక్కి మడతలు పోస్తారు. కాయిల్‌ను అయస్కాంతం సందులో సరిగ్గా మధ్యలో నిలబెట్టేది అదే, ముందుకో వెనక్కో పోయిన కోన్‌ను మళ్లీ ఇంటికి తెచ్చేదీ అదే.

కొత్త స్పైడర్‌ను బొటనవేలితో నొక్కితే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు పంచెలా ఉంటుంది. కట్టుకోగానే ఒంటికి అంటదు, నాలుగు అడుగులు వేశాక మడతలు లొంగుతాయి. స్పైడర్ కూడా అంతే. రెజిన్ పట్టిన పోగుల మధ్య బిగుసు కాస్త సడలుతుంది. కోన్ అంచున ఉండే రబ్బరు కూడా కొంత మెత్తబడుతుంది. కాబట్టి రన్నింగ్-ఇన్, అంటే కొత్తది వాడేకొద్దీ సడలడం అనేది ఉత్త మాట కాదు, నిజంగా జరిగేదే. కానీ అందులో ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ఇక 40 గంటలా, 20 గంటలా అని లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

మరి దానివల్ల వినికిడికి ఎంత తేడా వస్తుంది? ఇది మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మీ వూఫర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్ అని ఒక అంకె ఉంటుంది. బాక్సు లేకుండా కోన్ దానంతటది ఏ హెర్ట్జ్ దగ్గర బాగా ఊగుతుందో చెప్పే అంకె అది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ వేసిన లెక్కల మీదే ఈ రోజుకీ బాక్సులు కడుతున్నాం. ఆ లెక్కల్లో ఈ అంకె ముఖ్యం. ఒకసారి 12 అంగుళాల కొత్త వూఫర్‌ను డబ్బాలోంచి తీసిన వెంటనే కొలిచాను, 34 హెర్ట్జ్ వచ్చింది. వారం రోజులు పాటలు వాయించి మళ్లీ కొలిస్తే 31. బయట చూస్తే 3 హెర్ట్జ్ తేడా. అదే వూఫర్‌ను 30 లీటర్ల సీల్డ్ బాక్సులో పెట్టి లెక్క వేస్తే ఆ బాగా ఊగే చోటు 59 హెర్ట్జ్ కాస్తా 57 అయింది, అంతే. బాక్సులో బంధించిన గాలి కూడా స్ప్రింగే కదా! స్పైడర్‌కంటే ఆ గాలి స్ప్రింగే గట్టిది. దాని ముందు స్పైడర్ కాస్త సడలినా పెద్దగా లెక్కలోకి రాదు. మీ బేస్ పాతదానికంటే తగ్గిందంటే ఈ 2 హెర్ట్జ్ వల్ల కానే కాదు.

ఇప్పుడు మీ వైరింగ్ సంగతి. మీ వూఫర్‌కు రెండు కాయిళ్లు, అంటే నాలుగు టెర్మినళ్లు. షాపుల్లో రెండు కాయిళ్లనూ ప్యారలల్‌గా (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపి 2 ఓమ్‌లు చేసి యాంప్‌కు ఇస్తారు. ఆ హడావుడిలో ఒక కాయిల్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి కోన్‌ను ముందుకు తోస్తుంది, రెండోది వెనక్కి లాగుతుంది. కోన్ ఉన్నచోటే వణుకుతుంది. పవర్ మాత్రం పోతూనే ఉంటుంది, అదంతా కాయిళ్లలో వేడిగా మారుతుంది. నా దగ్గరికి ‘కొత్త వూఫర్‌లో బేస్ లేదు’ అని వచ్చిన బళ్లలో ఈ తప్పు ఎన్నిసార్లు చూశానో! అందుకే ముందు దీన్నే అనుమానిస్తున్నాను.

చూసుకోవడం తేలికే. స్టీరియో కట్టేసి, యాంప్ నుంచి స్పీకర్ వైరు విప్పేయండి. బాక్సు స్క్రూలు తీసి, వూఫర్ పైకెత్తి, కాయిళ్లు రెండింటినీ కలిపిన వైర్లు కూడా విడదీయండి. 9 వోల్ట్‌ల బ్యాటరీ ఒకటి తీసుకుని, దాని ప్లస్ మొదటి కాయిల్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు ఒక్క క్షణం తాకించి తీసేయండి. కోన్ ముందుకు, అంటే మీ వైపు రావాలి. రెండో కాయిల్‌కూ అలాగే చేయండి. గోడ గడియారంలో వేసే సెల్ అయినా సరిపోతుంది గానీ కదలిక చిన్నగా ఉంటుంది, కోన్ మీద వేలి కొస ఆనించి ఉంచితే తెలుస్తుంది. ఏ టెర్మినల్‌కు ప్లస్ తాకిస్తే ముందుకొచ్చిందో దాని మీద ఎర్ర టేపు అంటించండి. ఎర్ర టేపులు రెండూ ఒకవైపు, మిగతా రెండూ మరోవైపు కలపండి. అప్పటిదాకా ఎలా కలిపి ఉందో ఫోటో తీసుకోవడం మర్చిపోకండి, షాపాయనకు చూపించడానికి పనికొస్తుంది.

వూఫర్ చేతిలో ఉండగానే ఇంకో రెండు పరీక్షలు చేయండి. మల్టీమీటర్ పెట్టి ఒక్కో కాయిల్ చూడండి. 4 ఓమ్‌ల కాయిల్ మీటర్‌లో మూడున్నర చుట్టుపక్కల చూపిస్తుంది, రెండూ దాదాపు సమానంగా ఉండాలి. తర్వాత నాలుగు వేళ్లూ కోన్ చుట్టూ సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వినండి. ఏ చప్పుడూ లేకపోతే అదృష్టం. ఇసుక మీద పలక గీసినట్టు గరగరమంటే మాత్రం కాయిల్ వేడికి ఉబ్బి అయస్కాంతానికి రాసుకుంటోందన్న మాట. అప్పుడు వారంటీ అడగండి. తప్పు బిగించిన వాళ్లది కాబట్టి మొహమాటపడకండి.

కాయిళ్లు సరిగానే ఉన్నాయనుకోండి. యాంప్ మీద 0, 180 అని ఫేజ్ స్విచ్ ఉంటే డ్రైవర్ సీట్లో కూర్చుని, ఒకే పాట పెట్టి, వెనకాల ఎవరినైనా ఆ స్విచ్ అటూ ఇటూ మార్చమనండి. ఏ వైపు బేస్ నిండుగా వినిపిస్తే అక్కడ వదిలేయండి. డోర్ స్పీకర్లూ వూఫరూ ఎదురెదురుగా కొట్టుకుంటే బేస్ సగం మింగుకుపోతుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన రాత్రంతా టోన్ సంగతికి వస్తాను. 2011లో అదే పని నేను చేశాను. ఒక కస్టమర్ తెచ్చిన కొత్త 10 అంగుళాల వూఫర్, పొద్దున్నే బిగించాలి. బిగుసు తీసి ఇస్తే బాగుంటుందని బెంచీ మీద పెట్టి టోన్ వదిలాను. కోన్ కొద్దిగానే ఊగుతోంది కదా అని షట్టర్ వేసి ఇంటికి వెళ్లాను. పొద్దున షట్టర్ మోకాలి ఎత్తు లేపానో లేదో కాలిన వార్నిష్ వాసన కొట్టింది. పాటలో కొట్టుకు కొట్టుకు మధ్య ఖాళీ ఉంటుంది, కాయిల్ ఊపిరి పీల్చుకుంటుంది. టోన్‌లో ఆ సందే ఉండదు. పైగా బాక్సు లేకపోతే కోన్‌ను ఆపే గాలి ఉండదు. వాల్యూమ్ కాస్త ఎక్కువైనా కాయిల్ వెళ్లి వెనక ప్లేటుకు గుద్దుకుంటుంది. 6,500 పెట్టి ఆయనకు కొత్తది కొనిచ్చాను. నాకు బాధ డబ్బు గురించి కాదు. నన్ను నమ్మి సరుకు నా బెంచీ మీద వదిలి వెళ్లిన మనిషికి ఆ పొద్దున ఏం చెప్పాలో తెలియలేదు. ఆ తర్వాత మళ్లీ ఏ వూఫర్‌నూ టోన్ మీద వదిలి వెళ్లలేదు.

మరి రన్నింగ్-ఇన్ ఎలా చేయాలి? బాక్సులో బిగించి, రోజూ మీరు వినే పాటలే వినండి. మొదటి రెండు వారాలు గెయిన్ తగ్గించి పెట్టండి. గెయిన్ అంటే స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌ను యాంప్ ఎంత పెంచాలో చెప్పే నాబ్, అది వాల్యూమ్ కాదు, దాన్ని చెవితో పెట్టకూడదు, మీటర్‌తో పెట్టాలి. వూఫర్ వైరు విప్పి, బేస్ బూస్ట్ సున్నా చేసి, స్టీరియో వాల్యూమ్ మూడొంతులు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ఒక్క నిమిషం వాయించండి. యాంప్ స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్‌లలో పెట్టి చూడండి. 300 వాట్లను 2 ఓమ్‌లతో గుణిస్తే 600, దాని వర్గమూలం 24.5. మీ వూఫర్‌కు పూర్తి పవర్ అంటే అన్ని వోల్ట్‌లు. ఈ రెండు వారాలూ 17 దగ్గర ఆపండి, అంటే సగం పవర్. సగం పవర్ అంటే సగం మోత అనుకుంటారేమో, తేడా 3 డెసిబెల్స్ మాత్రమే, మీకు పెద్ద లోటుగా అనిపించదు. తర్వాత 24కు పెంచుకోండి. ఇదంతా 2 ఓమ్‌లకు పనికొచ్చే యాంప్ అయితేనే, వెనకాల రాసి ఉందో లేదో చూసుకోండి. డబ్బా మీద 1400 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. ఆర్‌ఎంఎస్ అంకె ఒక్కటే నిజం.

ఇంకో మాట. బ్యాటరీ దిగిపోతుందని ఇంజన్ ఆన్ చేసి, షెడ్డు తలుపు మూసి గంటలు గంటలు వాయించే పిల్లలున్నారు. మూసిన షెడ్డులో ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి నిద్రలోకి జారుకున్నట్టే ప్రాణం పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. బండి రోడ్డు మీద తిరుగుతుంటే వినండి, చాలు.

ప్రశ్న: మాకు 7 నెలల పాప. మా వారు కొత్తగా డిక్కీలో వూఫర్ పెట్టించారు. మెత్తబడాలని రోజూ పెద్దగా పెడుతున్నారు. పాప వెనక సీట్లో ఉంటుంది. టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. పెద్దవాళ్లకే 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరకు వచ్చేసరికి పావుగంటే. లోతైన బేస్ మన చెవికి అంత పెద్దగా అనిపించదు, అందుకే తెలియకుండా పెంచేస్తుంటాం. పాప తలకూ ఆ బాక్సుకూ మధ్య ఒక్క సీటే అడ్డం. వూఫర్ మెత్తబడడానికి పెద్దగా పెట్టాల్సిన పనే లేదని పైన రాశాను, ఆ భాగం మీ వారికి చదివి వినిపించండి. యాంప్‌తో పాటు ముందు సీటు దగ్గర బిగించుకునే చిన్న బేస్ నాబ్ దొరుకుతుంది. పాప బండిలో ఉన్నప్పుడు దాన్ని సున్నాకు తిప్పేయమనండి.

ప్రశ్న: బేస్ కొట్టినప్పుడల్లా వెనక నుంచి టకటకమని చప్పుడు. వూఫర్ పోయిందంటారా? – ఆర్., అనకాపల్లి

జవాబు: డిక్కీ తలుపు తీసి అదే పాట పెట్టండి. చప్పుడు ఆగిపోతే అది నంబర్ ప్లేటో, లోపలి ప్లాస్టిక్ ట్రిమ్మో. ప్లేటు వెనక రెండు ఫోమ్ ముక్కలు అంటించండి. తలుపు తీసినా చప్పుడు వస్తుంటే వాల్యూమ్ తగ్గించి చూడండి. తగ్గిస్తే పోయి పెంచితే వస్తోందంటే కాయిల్ వెనక ప్లేటును తాకుతూ ఉండొచ్చు. గెయిన్ ఆ రోజే దించండి.