కుర్చీలోంచి లేచి నిలబడిన ఆఫీసరు

పెద్ద పదవిలో ఉండి కూడా అణకువగా, దయగా మెలిగిన మనిషిని దగ్గరగా చూశారా, ఆ ముద్ర మీ మీద ఇంకా ఉందా అని అడిగారు. చూశాను. రెండేళ్లకు పైగా ఆయన కిందే పనిచేశాను. పేరు చెప్పను, జిల్లా కూడా చెప్పను, ఎందుకంటే ఇందులో మా ఆఫీసు గురించి నాలుగు చేదు మాటలు వస్తాయి, పైగా ఆయనకి తన పేరు ఎక్కడైనా కనిపిస్తే ఇబ్బంది.

మా నాన్న ఒక ఎమ్మార్వో ఆఫీసులో అటెండరు. 2003లో సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. నేను అప్పుడే డిగ్రీ పూర్తి చేశాను, చెల్లి టెన్త్. కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టుకోమని నాన్న తోటివాళ్లే చెప్పారు, కాగితాలన్నీ వాళ్లే దగ్గరుండి రాయించారు. అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. ఫైలు కదిలినట్టే కదిలి మళ్లీ వెనక్కి వచ్చేది. ప్రతిసారీ ఒక కొర్రీ. మొదట ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీద సీలు సరిగ్గా పడలేదన్నారు. తర్వాత నా టీసీ జిరాక్సు మీద గెజిటెడ్ సంతకం లేదన్నారు. ఆఖరికి అసలు కొర్రీ బయటికి తీశారు: నాన్న సర్వీస్ రిజిస్టర్‌లో అమ్మ పేరు చివర 'అమ్మ' అని ఉంది, రేషన్ కార్డులో అది లేదు, కాబట్టి ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి? ఆ మాట అన్న క్లర్కు మా అమ్మ ఎదురుగా నిలబడి ఉండగానే అన్నాడు. ఏడు నెలలు. సెక్షన్ తలుపు పక్కన ఒక చెక్క బెంచీ ఉండేది, ఎప్పుడూ దాని మీద పాత ఫైళ్ల కట్టలే, మనుషులు మాత్రం నిలబడే ఉండేవాళ్లు.

ఇక చేసేది లేక ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లాం. కలెక్టరు గారు ఆ రోజు హైదరాబాద్ వెళ్లారట, జిల్లా రెవెన్యూ అధికారి, అదే డీఆర్వో గారు చూస్తున్నారు. గ్రీవెన్స్ ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. పొడుగాటి టేబులు, దాని వెనక శాఖల వారీగా ఆఫీసర్లు, ముందు అర్జీలు పట్టుకుని వరస. మన వంతు వచ్చాక నిలబడి గబగబా రెండు ముక్కలు చెప్పాలి, ఆయన అర్జీ మీద ఏదో రాసి పక్కకి ఇస్తారు, అంతే. మా వంతు వచ్చింది. ఆయన అమ్మని చూసి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి "కూర్చోండమ్మా" అన్నారు. అమ్మ కూర్చోలేదు. అటెండరు భార్య, పాతికేళ్లుగా నాన్న ఆఫీసర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూసిన మనిషి, డీఆర్వో ముందు ఎలా కూర్చుంటుంది? "పర్లేదు బాబూ, నిలబడతాను" అంది.

ఆయన ఇంకోసారి చెప్పలేదు. తనే లేచి నిలబడి, అర్జీ తీసుకుని చదవడం మొదలుపెట్టారు. అందులో నాటకం ఏమీ లేదు, నిలబడి చదవడం తనకి రోజూ అలవాటే అన్నట్టు చదువుకుంటున్నారు. అసలు తమాషా పక్కన జరిగింది. డీఆర్వో నిలబడితే మిగతా ఆఫీసర్లు కూర్చోవచ్చా కూడదా? ఒకాయన సగం లేచి ఆగిపోయాడు, ఇంకొకాయన లేచి మళ్లీ కూర్చుని మళ్లీ లేచాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. అది చూసి అమ్మ కంగారుపడి కుర్చీ అంచున కూర్చుంది. అప్పుడు ఆయనా కూర్చున్నారు. ఫైలు తెప్పించి, మమ్మల్ని అక్కడే ఉంచి తిరగేసి, "ఇందులో మీ తప్పేం లేదమ్మా, ఆలస్యం మాది" అన్నారు. పేరు తేడాకి ఒక అఫిడవిట్టు, ఎమ్మార్వో దగ్గర్నుంచి ఒక రిపోర్టు, ఇవి రెండూ చాలని ఫైలు మీద రాశారు. పంతొమ్మిది రోజుల్లో ఆర్డరు వచ్చింది.

నన్ను జూనియర్ అసిస్టెంటుగా అదే కలెక్టరేట్‌లో వేశారు. అప్పుడు రోజూ చూసే అవకాశం దొరికింది, అసలు మనిషి అక్కడ అర్థమయ్యారు. గ్రీవెన్స్‌లో నలుగురి ముందు మంచిగా ఉండటం పెద్ద విషయం కాదు, అలాంటివాళ్లని తర్వాత చాలామందినే చూశాను. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆయన 'మీరు'.

మన భాషలో ఉన్న గొప్ప సదుపాయం, గొప్ప అన్యాయం కూడా, ఈ నువ్వు–మీరు. ఆఫీసుల్లో దీనికి రాయని రూలు ఒకటుంది. పైవాడికి 'మీరు', కిందివాడికి 'నువ్వు', అర్జీ పట్టుకొచ్చినవాడి చొక్కా చూసి అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. పంచె కట్టుకున్న డెబ్బై ఏళ్ల రైతుని పాతికేళ్ల క్లర్కు "ఏం కావాలి నీకు" అంటాడు, ఆ రైతు "అయ్యా, మీరే దయ చూడాలి" అంటాడు. ఎవరికీ వింతగా అనిపించదు. మా సార్ అందరినీ 'మీరు' అనేవారు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, నన్నూ 'మీరు' అనేవారు, మొదటి వారం వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని తిరిగి చూసేవాణ్ణి. ఆయన డఫేదారు, అంటే బెల్లు కొడితే వచ్చే బంట్రోతు, వయసులో పెద్దవాడు, అతన్ని పేరు చివర 'గారు' పెట్టి పిలిచేవారు. ఇది మాలో కొందరికి అసలు మింగుడు పడలేదు. "డఫేదార్‌కి గారేంటండీ, నెత్తికెక్కుతాడు" అని టీ దగ్గర తెగ గొణిగేవాళ్లు. ఎవరూ నెత్తికెక్కలేదు. మధ్యాహ్నం రెండు వరకు బెల్లు కొట్టేవారు కాదు, డఫేదారు అన్నం తింటుంటాడని. ఏదైనా కావాలంటే చేతిలో ఫైలు పట్టుకుని ఆయనే సెక్షన్‌కి నడిచి వచ్చేవారు, మేం క్యారియర్లు గబగబా మూసేవాళ్లం, "తినండి, తినండి, తొందరేం లేదు" అని కిటికీ దగ్గర నిలబడి ఫైలు చదువుకునేవారు. ఆరు నెలలు తిరిగేసరికి మా సూపర్నెంటు నోట కూడా 'మీరు' రావడం మొదలైంది. ఎవరూ మీటింగ్ పెట్టి చెప్పలేదు. అలవాటు జలుబులా అంటుకుంది.

అంత మెత్తగా ఉంటే పని నడుస్తుందా అంటే, మెత్తగా ఉండేవారు కాదు కూడా. ఒక పట్టాదారు పాస్‌బుక్కు వ్యవహారంలో డబ్బు చేతులు మారిందని తేలితే, ఆ ఉద్యోగి ఎంత ఏడ్చినా ఛార్జ్ మెమో ఆగలేదు. కాకపోతే మెమో ఇచ్చేటప్పుడు కూడా అతన్ని 'మీరు' అనే అన్నారు, కూర్చోబెట్టి ఇచ్చారు.

నా తప్పు ఒకటి చెప్పాలి. 2006లో ఒక భూసేకరణ కేసులో హైకోర్టులో కౌంటరు, అంటే మా తరఫు జవాబు, వేయాల్సిన తేదీ నేను రిజిస్టర్‌లో తప్పు ఎక్కించాను. గడువు దాటిపోయింది. కోర్టులో మొట్టికాయలు పడ్డాయి. రివ్యూ మీటింగులో కలెక్టరు గారు ఫైలు టేబుల్ మీద విసిరి ఎవరిదీ పని అని అడిగారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను, కాళ్లలో వణుకు. మా సార్ "నా దగ్గరికి వచ్చే రిజిస్టరే సార్ అది, ప్రతి వారం నేనే సంతకం పెడుతున్నాను, చూసుకోవాల్సింది నేను" అన్నారు. నా పేరు రాలేదు. సాయంత్రం పిలిచి తిడతారేమో అని ఎదురుచూశాను. పిలిచారు. "ఇక నుంచి తేదీలు రిజిస్టర్‌తో పాటు మీ డైరీలో కూడా రాసుకోండి" అన్నారు. అంతే. తిట్టి ఉంటే రెండు రోజుల్లో మర్చిపోయేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి ఇప్పటికీ రెండు చోట్లా రాస్తాను.

శ్రీహరికోట సంగతి చాలామందికి తెలిసిందే. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ–3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారైతే, విలేకరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం కలాం గారిని పంపి మాట్లాడించారు. కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా దీన్ని చెబుతూనే ఉన్నారు. నేను ఈ కథ మొదటిసారి విన్నప్పుడు, మా చిన్న ఆఫీసులో, రాకెట్లూ విలేకరులూ లేని చోట, సరిగ్గా ఇదే జరిగింది కదా అనుకున్నాను.

మా సార్‌కి ఎస్.ఆర్. శంకరన్ గారంటే భక్తి. ఈ తరం వాళ్లకి ఆ పేరు అంతగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. తమిళనాట పుట్టి, 1957లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కి వచ్చిన మనిషి. సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని కాగితం మీద ఉంచకుండా ఊళ్లలోకి తీసుకెళ్లడానికి పాటుపడ్డారు. పెళ్లి చేసుకోలేదు, జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే పోయేది. త్రిపురలో ప్రధాన కార్యదర్శిగా చేశారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర ఆయన్నీ మరికొందరు అధికారుల్నీ నక్సలైట్లు ఎత్తుకెళ్లారు. నాకు నమ్మబుద్ధి కాని భాగం ఆ తర్వాతిది. తనని అడవిలో బందీగా ఉంచారన్న కక్ష ఏమీ పెట్టుకోకుండా, 1997లో ఏర్పడ్డ పౌర స్పందన వేదికకి పెద్దగా ఉండి, ఇరువైపులా చావులు ఆగాలని ఇటు ప్రభుత్వంతోనూ అటు వాళ్లతోనూ ఏళ్ల తరబడి ఓపిగ్గా మాట్లాడారు. 2004లో హైదరాబాద్‌లో జరిగిన చర్చలకి దారి వేసినవాళ్లలో ఆయన ముఖ్యులు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న ఆయన పోయినప్పుడు, అప్పటికే రిటైరైపోయిన మా సార్ నాకు ఫోన్ చేశారు. ఊరికే చేశారు. కాసేపు ఏమీ మాట్లాడకుండా "సరే, ఉంటాను" అని పెట్టేశారు.

ఇలాంటి మంచితనం వల్ల వ్యవస్థ మారుతుందా అని ఎవరైనా అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు. సార్ బదిలీ అయ్యాక వచ్చినాయన బెల్లు మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు. సార్ ఉండగా ఖాళీ అయిన సెక్షన్ బెంచీ మీదకి ఫైళ్ల కట్టలు మళ్లీ వచ్చాయి. మా అమ్మ ఆ సోమవారం గ్రీవెన్స్‌కి కాక వచ్చే సోమవారం వెళ్లి ఉంటే మా ఫైలు ఇంకో ఏడాది తిరిగేదేమో. అదృష్టం మీద ఆధారపడే న్యాయం న్యాయమెలా అవుతుంది అనిపిస్తుంది. కాకపోతే ఒకటి మాత్రం నా కళ్లతో చూశాను: ఆ రెండేళ్లు ఆ గదుల్లో ఉన్నవాళ్లం రాష్ట్రం నిండా చెల్లాచెదురయ్యాం, ఎవరు ఎక్కడ కలిసినా ఎదుటివాళ్లని 'మీరు' అంటున్నామా లేదా అని ఒకరినొకరం గమనించుకుంటాం. నేనిప్పుడు ఒక తహసీల్దార్ ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారుని. నా టేబుల్ ముందు రెండు కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. పని ఒత్తిడిలో నేనూ కసురుకున్న రోజులున్నాయి, లేవని బుకాయించను. అలాంటి రోజు రాత్రి అన్నం సరిగ్గా దిగదు.

పోయిన సంక్రాంతికి అమ్మని తీసుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. ఎనభై దగ్గరపడ్డాయి, చెవి సరిగ్గా వినపడదు. అమ్మ ఆ కుర్చీ కథంతా మొదట్నుంచి చెప్పింది. ఆయనకి ఒక్క ముక్క గుర్తు లేదు. మర్యాదకి తలూపుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కొర్రీ మాట రాగానే మాత్రం కళ్లు వెలిగాయి, ఆ క్లర్కు పేరు చెప్పి "అతనేనా? అతని కూతురి పెళ్లికి వెళ్లానండీ, పాపం చాలా కష్టపడి చేశాడు, అల్లుడు మంచివాడు" అన్నారు.

అమ్మ వెంటనే ఆ అమ్మాయికి పిల్లలెందరని అడిగింది, ఇద్దరూ ఆ కబుర్లలో పడ్డారు. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను. అతని మీద నాకు మాత్రం కోపం ఇంకా పోలేదు.